అప్పయమ్మ దిగని డ్యూటీ

రైలు చప్పుడు వినపడని చోటు కోసం రాజేంద్ర మూడు రోజులు ఫోనులో మ్యాపు వెతికాడు. బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లో పుట్టి పెరిగినవాడికి అదంత తేలికైన పని కాదు. వాళ్ల బంధువుల ఇళ్లన్నీ పట్టాల పక్కనే. సెలవులకు వెళ్లిన ఊళ్లన్నీ స్టేషన్ ఉన్న ఊళ్లే. రైల్వే పాసు చెల్లని చోటికి ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ ప్రయాణం కట్టలేదు. చివరికి శ్రీకాకుళం జిల్లాలో, కళింగపట్నానికి ఉత్తరాన, సముద్రం ఒడ్డున ఒక సరుగుడు తోట దొరికింది. అక్కడికి పట్టాలు ఇరవై కిలోమీటర్ల పైమాటే.

“హోటల్ వద్దు. లిఫ్టు, జనరేటరు, తలుపుల చప్పుళ్లు. టెంటు వేసుకుందాం. అమ్మకి బిల్‌కుల్ శాంతి కావాలన్నాడు కదా డాక్టర్,” అన్నాడు.

“మే నెలలో సముద్రం ఒడ్డున టెంటా? పిల్లతోనా?” అన్నాను నేను.

“టెన్షన్ మత్ లో, జ్యోతీ. ఈ రోజుల్లో అందరూ చేస్తున్నారు.”

అందరూ అంటే వీడియోల్లో వాళ్లు.

మా అత్తయ్య పేరు అప్పయమ్మ. మామయ్య అప్పలస్వామి గ్యాంగులో పట్టాల పని చేసేవాడు. కట్నీ లైను మీద అడవి సెక్షన్లో ఉన్నప్పుడు, ఒక వానాకాలం, మలేరియా తలకెక్కి నాలుగు రోజుల్లో పోయాడు. రాజేంద్రకి అప్పుడు ఏడేళ్లు. మామయ్య పోయినందుకు అత్తయ్యకి రైల్వేలో ఉద్యోగం ఇచ్చారు. ఊరి బయట లెవెల్ క్రాసింగ్ దగ్గర గేటు వేసి తీసే పని. ఇరవై ఏడేళ్లు ఆ గేటు దగ్గరే చేసింది. ఫోను మోగగానే స్టేషన్ మాస్టరు చెప్పిన నంబరు రిజిస్టర్లో రాసి, టైము వేసి, హ్యాండిల్ తిప్పి గేటు దించి, పచ్చజెండా పట్టుకుని నిలబడాలి. బండి పోయాక గేటు ఎత్తాలి. రోజుకి వందకు తక్కువ కాకుండా బళ్లు. ఎక్కువగా బొగ్గు బళ్లే. వారం పొద్దున, వారం మధ్యాహ్నం, వారం రాత్రి. తెలుగు చదవడం రాని మనిషి, ఆ రిజిస్టర్ కోసమే ముప్పై మూడో ఏట హిందీ అక్షరాలు నేర్చుకుంది.

ఈ మార్చి ముప్పై ఒకటిన రిటైరైంది. అదే వారం గేటు పక్కన పట్టాల కింద నుంచి వెళ్లే రోడ్డు తెరిచారు. ఆవిడతో పాటు గేటు కూడా అయిపోయింది. మధ్యాహ్నం రెండింటికి డ్యూటీ ముగింపు. మేమంతా వెళ్లాం. సూపర్‌వైజరు దండ వేశాడు, స్వీట్ల పెట్టె ఇచ్చాడు, జెండాలు, దీపం, తాళాలు గోనెసంచిలో వేయించాడు. అందరం కారు దగ్గరికి వచ్చేశాం. అత్తయ్య మాత్రం గుమ్టీ, అంటే గేటు పక్క గది, గుమ్మంలోనే నిలబడి, రోజూ రెండింటికి డ్యూటీ ఎక్కడానికి త్రినాథరావు సైకిల్ మీద వచ్చే కాలిబాట వైపు చూస్తూ ఉండిపోయింది. త్రినాథరావుని అంతకు పది రోజుల ముందే వేరే గేటుకి మార్చేశారు. ఆ సంగతి ఆవిడకి తెలుసు. రెండూ నలభైకి రాజేంద్ర వెళ్లి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. బాధపడుతోందిలే అనుకున్నాం.

ఆ రోజు నుంచి నిద్ర లేదు. రాజ్‌కిశోర్ నగర్‌లో మా ఇంట్లో, పట్టాలకు దూరంగా, కూత మాత్రం సన్నగా వినపడే చోట, ఆవిడ గది చీకటిగా చల్లగా ఉంటుంది. అయినా గంటసేపు కళ్లు మూస్తే ఎక్కువ. చేతి గడియారం విప్పదు. ఎప్పుడు చూసినా మంచం అంచున కూర్చుని ఉండేది. మే మొదట్లో స్నానాల గదిలో కళ్లు తిరిగి పడింది. బీపీ నూట ఎనభై ఆరు. మాత్రలు పెంచారు. ఇలాగే నిద్ర లేకపోతే పక్షవాతం వచ్చే ప్రమాదం ఉందని డాక్టర్ నెమ్మదిగా చెప్పాడు. ఇరవై ఏడేళ్ల రైలు మోత చెవుల్లో ఉండిపోయిందేమో, కొన్నాళ్లు ఆ చప్పుడు లేని చోట ఉంచి చూడండి అన్నాడు. రాజేంద్ర ఆ మాటని మందుచీటీలా పట్టుకున్నాడు.

నాకు ఇంకో భయం ఉంది. మా పాప మైత్రికి పదకొండో నెలలో జ్వరం వచ్చి ఫిట్స్ వచ్చింది. ఇప్పుడు రెండున్నరేళ్లు. అలా ఒకసారి వచ్చిన పిల్లల్లో మూడోవంతు మందికి మళ్లీ వస్తుందని చదివాను. జువాలజీ ఎమ్మెస్సీ చేసినందుకు మిగిలింది ఇలాంటి లెక్కలే. అప్పటి నుంచి ఒక నోట్‌బుక్ రాస్తున్నాను. టైము, ఒంటి వేడి, తాగిన నీళ్లు, ఎన్నిసార్లు ఒంటికి పోసింది, మందు, దోమల క్రీము. రాత్రి రెండుసార్లు అలారం పెట్టుకుని లేచి చూస్తాను. “ల్యాబులో ఎలుకకి కూడా ఇంత రికార్డు ఉండదు,” అంటాడు రాజేంద్ర.

రాయ్‌పూర్, భవానీపట్నా, రాయగడ, పార్వతీపురం మీదుగా రెండు రోజులు పట్టింది. దారిలో ప్రతి ఊరికీ అత్తయ్య, “ఈ ఊరికి టేసన్ ఉందేటి?” అని అడిగేది. ఉందంటే తల ఊపేది. లేదంటే కిటికీలోంచి ఆ ఊరిని కాస్త జాలిగా చూసేది. కారు ఎక్కినా నిద్ర రాలేదు. ముందు సీట్లో నిటారుగా కూర్చుని, ఎదురుగా వచ్చే ప్రతి లారీనీ పోయేదాకా చూసింది.

తోట యజమాని బంగార్రాజు, యాభై ఏళ్ల మనిషి, టెంటు చుట్టూ ఒకసారి తిరిగి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

“ఏటి బాబూ, మీ ఊర్ల మంచాలు నేవా? ఇంత దూరం ఒచ్చి ఇసకల తొంగుంటారేటి?”

“ఇక్కడ గాలి బాగుంటుందని,” అన్నాడు రాజేంద్ర.

“గాలా? గాలుంటే దోముండదు. గాలి పడిపోయిందంటే మరి మీరూ దోమలే. ఉప్పుటేరు ఎనకాలే ఉంది. పొద్దుగూకితే సూడండి.”

పొద్దు గూకింది. గాలి పడిపోయింది. ముందు ఇసకలోంచి నల్లని సన్నపు పురుగులు లేచాయి. ఆవగింజలో పావు ఉంటాయి. టెంటుకున్న జాలీ వాటికి అడ్డే కాదు. ఆ వెనక ఉప్పుటేటి మీద నుంచి దోమలు వచ్చాయి. ఒక్కొక్కటి కాదు, మోతగా. గుడ్డ మీద వాలినప్పుడల్లా నేను టార్చి వేసి చూశాను. తోక పైకెత్తి ఏటవాలుగా వాలితే మలేరియా దోమ. ఒంటిని సమంగా ఉంచి వాలితే వేరే రకం అని పైకే చెప్పాను.

“వాలిన తీరు సూసి దోమకి గోత్రం సెప్తాదేటి మీ కోడలు?” అన్నాడు బంగార్రాజు, వేపాకు పొగ పెడుతూ.

“సదువుకున్న గుంట బాబూ. ఏదైనా సెప్తాది,” అంది అత్తయ్య. మెచ్చుకుందో దెప్పిందో తెలియలేదు. మలేరియా అన్న మాట వినగానే మాత్రం తన చీర కొంగు తీసి మైత్రి కాళ్లకి చుట్టింది.

ఆ రాత్రి గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. వేడి ముప్పై రెండు దగ్గరే ఆగిపోయింది, తేమ తొంభై. అంత తేమలో చెమట ఆరదు, ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. నలుగురం తడిగుడ్డల్లా అయిపోయాం. పిల్ల గోక్కుని ఏడ్చి, నీళ్లు తాగి, మళ్లీ ఏడ్చి, మళ్లీ నీళ్లు తాగింది. ఇంటి నుంచి తెచ్చిన పాత దోమతెరలో పిల్లని పడుకోబెట్టి నేను పక్కన కూర్చున్నాను. అత్తయ్య టెంటు బయట మడత కుర్చీలో కూర్చుంది. ఎన్నిసార్లు తల తిప్పి చూసినా ఆమె వీపు నిటారుగానే ఉంది.

తెల్లారాక రాజేంద్ర వాచిన పెదవితో అడిగాడు. “ఏం అమ్మా, ఒక్క రైలు కూడా వినపడలేదు కదా. కొంచెమైనా నిద్ర పట్టిందా?”

“అదే కదరా సచ్చిన బాధ. వొక్క బండీ రానేదు. బండి రావలసిన టైముకి రానేదంటే ఏటనుకోవాల? ఎక్కడో ఏదో అయినాదనుకోవాల. అలగ సూస్తా కూకున్నాను.”

రాజేంద్ర నా వైపు చూశాడు. ఆరువందల కిలోమీటర్లు వచ్చింది ఇందుకా అన్న చూపు. నేను నోట్‌బుక్ తీశాను. పిల్ల ఎడమ కాలి మీద కాట్లు పదిహేడు, కుడికాలి మీద పన్నెండు అని రాశాను. ఒంటి వేడి తొంభై తొమ్మిది పాయింట్ రెండు. అది జ్వరం కాదని తెలుసు. అరగంటకోసారి మళ్లీ చూశాను.

“వెనక్కి వెళ్లిపోదాం,” అన్నాను.

“ఈ కళ్లతో నేను బండి నడపలేను. ఈ రోజు ఉండి రేపు పొద్దున్నే బయల్దేరదాం. సాయంత్రానికి ఊళ్లో గది ఏదైనా దొరుకుతుందేమో చూసొస్తా,” అని బంగార్రాజు మోటార్‌సైకిల్ వెనక ఎక్కి వెళ్లాడు.

మధ్యాహ్నం ఒంటిగంటకి సముద్రం తెల్లగా కళ్లలో పొడుస్తోంది. సరుగుడు నీడలో చాప వేసి దోమతెర కట్టాం. మైత్రి ఎట్టకేలకు నిద్రపోయింది. నేను నోట్‌బుక్ తెరిచి టైము రాయబోయాను. గడియారం చూశాను, రాశాను. రాసింది చూస్తే అదే టైము అంతకు ముందు రెండు వరుసల్లో కూడా ఉంది. పిల్లకి క్రీము ఒకసారి పూశానా, రెండుసార్లు పూశానా గుర్తు రాలేదు. చిన్నపిల్లకి అది ఎక్కువైతే మంచిది కాదు. పెన్ను పక్కన పెట్టేశాను.

అత్తయ్య పక్కకి వచ్చి కూర్చుని, నోట్‌బుక్ తన వైపు తిప్పుకుంది. నా రాత తెలుగు. ఆమెకి అంకెలు మాత్రమే అర్థమవుతాయి. పేజీలు వెనక్కి తిప్పింది. ఒక నెల, రెండు నెలలు, పోయిన సంవత్సరం.

“ఒలే జ్యోతీ, ఇది రిజిస్టరే.”

“అవునత్తయ్యా. మైత్రిది.”

“అంతా నువ్వే రాసినావు?”

“ఇంకెవరు రాస్తారు?”

“మరి చార్జి ఎవలికిచ్చినావు? రెండో సంతకం ఒక్క పేజీల నేదు. ఏడాదిన్నర్నుంచీ ఒక్కదానివే డూటీ సేస్తన్నావేటి?” ఆ గొంతులో జాలి లేదు. తప్పు పట్టుకున్న ఇన్స్‌పెక్టర్ గొంతు అది. “అలగ సేస్తే ఏటవుతాది? ఇదిగో ఇలగే ఒక టైముకి మూడు బళ్లు ఎక్కిస్తావు.”

నాకు నవ్వు రావాలి, ఏడుపు వచ్చింది.

“మా దగ్గర ఒకడికి నలతగా ఉంటే పక్కోడు చార్జి తీసుకోవాల. వాదించకూడదు. రూలు,” అంది. చేయి చాపింది. “ఇచ్చియ్. ఏటేటున్నాయో సెప్పు.”

“అత్తయ్యా, మీకే ఆరోగ్యం...”

“సామాను సెప్పమన్నాను.”

చెప్పాను. థర్మామీటరు ఒకటి. జ్వరం సిరప్పు ఒకటి, సగం. ఫిట్స్ వస్తే ముక్కులో కొట్టే మందు ఒకటి, సీలు తీయనిది. క్రీము ఒకటి. నీళ్ల సీసాలు రెండు. ఒక్కొక్కటీ చేత్తో పట్టుకుని చూసి తన కుడిపక్కన వరుసగా పెట్టుకుంది. ముక్కులో కొట్టే మందు ఎలా వాడాలో రెండుసార్లు అడిగింది. మూడోసారి నాకే చెప్పి చూపించింది.

“ఆఖరి బండి?”

ఒక నిమిషం పట్టింది ఆవిడ అడిగేదేమిటో అర్థం కావడానికి. “పన్నెండూ నలభైకి వేడి తొంభై తొమ్మిది. నీళ్లు వంద మిల్లీలీటర్లు తాగింది. క్రీము పదకొండింటికి... అనుకుంటా.”

“అనుకుంటా అని ఉండదు. తెలవదు అని రాయి. నాను సాయంత్రం దాకా క్రీము పుయ్యను నే.”

తెలియదు అని రాశాను. ‘చార్జి ఇచ్చాను’ అని సంతకం పెట్టాను. కింద ఆమె హిందీలో, పెద్ద పెద్ద అక్షరాలతో, ‘చార్జ్ లియా, 13:20, అప్పయమ్మ’ అని, అంటే తీసుకున్నానని, రాసింది. నేను అక్కడే కూర్చున్నాను.

“లెగు. చార్జి ఇచ్చినోలు గుమ్టీల ఉండకూడదు. ఉంటే సలహాలిస్తారు.”

కారు వెనక సీట్లో, తలుపులు తెరిచి, కాళ్లు బయట పెట్టి పడుకున్నాను. ఐదు నిమిషాలు చెవులు అటే పెట్టి ఉంచాను. ఆ తరవాత ఏమీ తెలియదు.

లేచేసరికి నాలుగు దాటింది. చెంప మీద సీటు కుట్టు అచ్చు పడింది. పరుగెత్తబోయాను. సరుగుడు నీడలో మైత్రి లేచి కూర్చుని బిస్కెట్ తింటోంది. అత్తయ్య దోమతెర అవతల నిలబడి ఉంది, కూర్చోలేదు. నోట్‌బుక్ చేతికిచ్చింది. పదిహేను నిమిషాలకొక వరుస. పిల్ల కదిలింది. పిల్ల పక్కకి తిరిగింది. దోమ ఒకటి లోపలికి వచ్చింది, చంపబడినది. వేడి, నీళ్లు, ఒంటికి. వాటి మధ్యలో ‘అప్ ఒకటి’, ‘డౌన్ రెండు’.

“ఇవేమిటత్తయ్యా?”

“పడవలు. అటేపు పోయినవి అప్పు, ఇటేపువి డౌను. కంటి ముందర్నుంచి పోతంటే రాయకుండా ఎలగ?”

పుస్తకం చివరి వరుస దగ్గర, ‘చార్జ్ దియా’ అని, అంటే ఇచ్చేశానని, రాసి సంతకం పెట్టి, పెన్ను మూత పెట్టబోయి ఆగింది. ఖాళీగా ఉన్న పక్క గడి వైపు చూసింది.

“ఆ రోజు కూడా ఇలగే ఒగ్గీసినాను. దియా అని రాసినాను. లియా అని రాయడానికి ఎవలూ నేరు. సూపర్‌వైజర్ని అడిగినాను. ‘గేటే లేదమ్మా, ఎవరు తీసుకుంటారు’ అని నవ్వినాడు. నిజమే మరి. గేటు నేదు. నాకు తెలవదేటి?” పెన్ను నా వైపు చాపింది. “కాని పుస్తకంల నా పేరే ఉండిపోనాది.”

నలభై ఐదు రోజులుగా మేం మాత్రలు మార్చాం, గది మార్చాం, పరుపు మార్చాం. చెవిలో ఉండిపోయిన మోత అనుకున్నాం. పెన్ను తీసుకున్నాను. పొట్టి సంతకం గీయబోతే చెయ్యి పట్టుకుంది.

“గీత కాదు. పేరంతా. టైముతోని.”

‘చార్జి తీసుకున్నాను. 16:25. జ్యోతిర్మయి’ అని రాశాను. ఆమెకి తెలుగు రాదు కాబట్టి పక్కనే హిందీలో కూడా రాశాను. ‘లియా’ అన్న మాట మీద ఆమె వేలు కాసేపు ఉంది.

“ఇక మీరు గుమ్టీలో ఉండకూడదు,” అన్నాను.

“ఉండను నే. పిల్లకి ఆరింటికి క్రీము. పొద్దుగూకే ముందల పొగ పెట్టించు.”

“సలహాలు ఇవ్వకూడదు.”

“ఓలమ్మ! నా రూలు నాకే సెప్తన్నాది సూడు,” అంది. చేతి గడియారం విప్పింది. మణికట్టు మీద పట్టీ ఉన్న చోట తెల్లగా, ముడతలు పడి, చంటిపిల్ల చర్మంలా ఉంది. గడియారాన్ని నోట్‌బుక్ మీద పెట్టి, దోమతెర ఎత్తుకుని లోపలికి వెళ్లి, చాప మీద పక్కకి తిరిగి పడుకుంది.

రాజేంద్ర ఐదున్నరకి వచ్చాడు. ఊళ్లో గది దొరికిందన్నాడు. దోమతెరలోకి చూసి గతుక్కుమన్నాడు.

“అమ్మకేమైంది? లేపు, బీపీ చూద్దాం.”

“ముట్టుకోకు. ఊపిరి లెక్కపెట్టాను. నిమిషానికి పద్నాలుగు. బాగుంది. నిద్రపోతోంది, అంతే.”

“అరే, గది మాట్లాడి వచ్చాను. ఫ్యాన్ ఉంది. చలో.”

“నువ్వూ పిల్లా వెళ్లండి. నేను ఉంటాను.” అన్నాక గుర్తొచ్చింది, మైత్రి నా చార్జిలో ఉందని. “లేదు. పిల్ల ఇక్కడే ఉంటుంది. ఎవరూ కదలకండి.”

గాలి పడిపోయింది. నల్లపురుగులు లేచాయి. బంగార్రాజు పిలవకుండానే వేపాకు తెచ్చి గాలి వాటం చూసి మంట వేశాడు. అత్తయ్యని చూసి గొంతు తగ్గించి, “ఈ దోమల్లనా? మారాజు నిద్ర,” అని వెళ్లిపోయాడు. పిల్లని దోమతెరలో నానమ్మ వీపు వెనక పడుకోబెట్టాను. ఆరింటికి క్రీము రాశాను, టైము వేశాను. అన్నానికి లేపలేదు. రాజేంద్ర తల్లి పాదాలకి గుడ్డ కప్పి, కారులో కూర్చుని కాసేపు బయటికే చూస్తూ ఉన్నాడు. తరవాత అతనూ నిద్రలోకి జారిపోయాడు. నా చేతులూ మెడా కాట్లతో ఎర్రగా మండాయి. ఒళ్లంతా ఉప్పు. అలసట పోలేదు, ఇంకా పెరిగింది. కాని గడియారం చూసిన ప్రతిసారీ ఏం రాయాలో స్పష్టంగా తెలిసింది. పిల్ల పక్కకి తిరిగింది. అత్తయ్య పక్కకి తిరిగింది. పడవ దీపం ఒకటి, డౌను.

తూర్పున బూడిదరంగు తేలాక అత్తయ్య లేచింది. ఎక్కడుందో తెలియనట్టు దోమతెరని కాసేపు చూసింది. బయటికి వచ్చి ముఖం కడుక్కుని, పుస్తకం మీద గడియారం తీసి టైము చూసి, చెవి దగ్గర పెట్టుకుని, ఆగిపోలేదని నిర్ధారించుకుంది.

“పదమూడు గంటలత్తయ్యా,” అన్నాను.

అత్తయ్య నోట్‌బుక్ తీసుకుని రాత్రి వరుసలన్నీ వేలితో చూసుకుంటూ వచ్చింది. ఒక చోట ఆగింది.

“రెండింటికీ మూడింటికీ మద్దిన ఏటీ నేదు. తొంగున్నావేటి?”

“కునుకు పట్టింది. నలభై నిమిషాలు.”

“అచ్ఛా. మరి అదే రాయి. దాసకూడదు.”

రాశాను. ఆమె నా ముఖం వైపు, వాచిన కనురెప్పల వైపు చూసి, గడియారం చేతికి పెట్టుకుంటూ చేయి చాపింది.

“ఇచ్చియ్. సామాను సెప్పు.”

థర్మామీటరు ఒకటి అన్నాను. సిరప్పు ఒకటి, సగం. ముక్కులో కొట్టే మందు ఒకటి, సీలు తీయనిది. చివరికంటా చెప్పి, పేరంతా రాసి, టైము వేసి, ఆమె ‘లియా’ అని రాసేదాకా నిలబడి, దోమతెర ఎత్తుకుని లోపలికి వెళ్లాను.